ఈ వాత ఎందుకని అడిగినప్పుడు

నా బొడ్డుకు అటొకటి ఇటొకటి రెండు వాతలున్నాయి. పసుపుకొమ్ము నిప్పుల్లో కాల్చి పెట్టినవి. ఇప్పుడవి చిక్కుడుగింజంత నున్నటి మచ్చలు. మా కోడుమూరు వైపు ఇదేం వింత కాదు. కడుపునొప్పి వస్తే వాత, కామెర్లు వస్తే వాత, బిడ్డ పాలు కక్కితే వాత. మాకు పరుగు నేర్పిన సార్ సైన్యంలో చేసి రిటైరై వచ్చినవాడు. పొద్దున్నే చొక్కాలు విప్పి వరుసలో నిలబడ్డ మమ్మల్ని చూసి ఎప్పుడూ నవ్వేవాడు. "మీకు ఆధార్ కార్డు ఎందుకురా? కడుపులు చూస్తే చాలు, ఏ జిల్లావోల్లో తెలిసిపోతాది" అనేవాడు. మేమూ నవ్వేవాళ్ళం. నేను అందరికన్నా కాస్త గట్టిగా నవ్వేవాణ్ణి.

ఎందుకంటే నావి కడుపునొప్పికి పెట్టినవి కావు. చిన్నప్పుడు నాకు మూర్ఛలొచ్చేవి. ఇప్పుడు ఇంత తేలిగ్గా రాసేశాను గానీ ఈ మాట మా ఇంట్లో ఎవరి నోటా వినకుండానే పెరిగాను. మాకది ‘అది’. అది వచ్చినప్పుడు, అది ఉన్నప్పుడు, అది పోయినాక. అంతే. వాతలు పెట్టిన ముసలమ్మ మా అమ్మకు చెప్పిందట, "పోయినాక దాని పేరెత్తొద్దు తల్లీ, పిలిచినట్టయితాది" అని. ఆ మాటను అమ్మ కొంగున ముడేసుకుంది. ఊళ్ళో ఇంకెవరి బిడ్డకో వచ్చిందని కబురు వస్తే చెవులు మూసుకుని లోపలికి పోయేది. ఒకసారి టీవీలో ఎవరో డాక్టరు దాని గురించి చెబుతుంటే, రిమోటు చేతికి దొరక్క ఏకంగా ప్లగ్గే పీకేసింది. అలాగని నన్ను వాతలకే వదిలేయలేదు. కర్నూలు పెద్దాసుపత్రికి తిప్పి, ఏళ్ళ తరబడి బెల్లం ముక్కతో మాత్రలు మింగించిందీ ఆమే. మాత్రలకు తగ్గిందా, వాతలకు తగ్గిందా అన్నది మా ఇంట్లో ఇప్పటికీ తెగని పంచాయితీ. నాయన మాత్రల పక్షం, అమ్మ వాతల పక్షం. నేను ఎవరు అన్నం పెడితే వాళ్ళ పక్షం.

అది చివరిసారి వచ్చింది మా చేని బావి దగ్గర. అప్పటికి ఏడాది పైగా రాలేదు, ఇక పోయినట్టే అనుకున్నారు. మోటారు చెడిపోయి నాయన బావిలోకి దిగాడు. పైనుంచి చిన్న ఇనుప పైపు ముక్కను తాడుకు కట్టి, గిలక మీదుగా కిందికి వదలడం నా పని. "మెల్లగ వదులు నాయనా, మెల్లగ" అని లోపల్నుంచి నాయన గొంతు రావడం గుర్తుంది. అరచేతుల్లో తాడు గరుకుగా జారడం గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది అమ్మ ఒడి, నోట్లో నెత్తురు రుచి, ముక్కు దగ్గర ఉల్లిగడ్డ వాసన. ఈ రెంటికీ మధ్య ఏం జరిగిందో నాకు తెలియదు. ఇప్పటికీ తెలియదు. నేను గట్టు మీద పడిపోయాను, తాడు వదిలేశాను, పైపు పోయి నాయన కుడి భుజం మీద పడింది. ఆ చెయ్యి మళ్ళీ భుజం దాటి పైకి లేవలేదు. ఊళ్ళో అడిగిన వాళ్ళందరికీ "మెట్టు జారి పడితి" అనే చెప్పుకున్నాడు. నాతో ఒక్క మాట అనలేదు. తలకు తువ్వాలు చుట్టుకోవాలంటే మాత్రం అమ్మను పిలిచేవాడు.

సైన్యం పిచ్చి నాకు ఎప్పుడు పట్టిందంటే సరిగ్గా చెప్పలేను. దేశభక్తి అంటే బాగుంటుంది, జనం మెచ్చుకుంటారు. కానీ నిజం చెప్పాలంటే నాకు మంచు చూడాలని ఉండేది. ఎండకు పుట్టి ఎండకు పెరిగిన వాడికి అంతకన్నా పెద్ద కోరిక ఏముంటుంది? ఇంకొకటి కూడా ఉంది. పక్క ఊరి జవాను ఒకాయన సెలవుకు వచ్చినప్పుడు బస్సు దిగి, నల్ల ట్రంకుపెట్టె భుజానికెత్తుకుని మా వీధిలోంచి నడిచిపోయేవాడు. అరుగుల మీద కూర్చున్న మా పెద్దలందరి తలలూ ఎప్పుడూ పైకే ఉండేవి, మబ్బు పడుతుందా లేదా అని. ఆయన ఒక్కడే ఆకాశం వైపు చూడకుండా తన దారి చూసుకుని నడిచేవాడు. ఆ నడక నాకు కావాలనిపించింది. శనగ వేసి, ఆముదం వేసి, పైకి చూస్తూ మెడ పట్టేసిన బతుకు నాకొద్దనిపించింది.

నాకో తోడు దొరికాడు. ఆరో తరగతిలో ఉండగా వాళ్ళమ్మ వాణ్ణి తీసుకుని మా ఊళ్ళోని పుట్టింటికి వచ్చేసింది. తండ్రి తాగి వచ్చి కొట్టేవాడట. ఇక్కడికి వచ్చాక కూడా వాడికి నిద్ర పట్టేది కాదు, గాలికి తలుపు కొట్టుకున్నా లేచి కూర్చునేవాడు. మా మిద్దె మీద నా పక్కన పండుకుంటే మాత్రం తెల్లారి ఎండ మొహాన కొట్టేదాకా కదిలేవాడు కాదు. "నీ పక్కనైతే ఎట్ల నిద్ర పడ్తాదోప్పా" అని వాడే ఆశ్చర్యపోయేవాడు. మా అమ్మ వాడికీ నాకూ ఒకే బొంత ఇచ్చేది. మా ఇంటి ‘అది’ మాత్రం వాడికి తెలియదు. వాడు వచ్చేసరికి అది పోయింది, పోయినదాని పేరు మేము ఎత్తం కదా.

ఇద్దరం కలిసి పరుగు మొదలుపెట్టాం. హంద్రి ఏట్లో నీళ్ళు లేనప్పుడు, అంటే ఏడాదిలో ఎక్కువ కాలం, ఇసుకలో పరుగెత్తించేవాడు సార్. ఇసుకలో పరుగెత్తినవాడికి నేల మీద పరుగు ఆటలా ఉంటుందని ఆయన లెక్క. పిక్కలు మండిపోయేవి. నోట్లో ఇసుక, చెవుల్లో ఇసుక, ఇంటికి పోతే చెడ్డీలోంచి రాలే ఇసుక చూసి అమ్మ చీపురెత్తేది. "హంద్రినంతా ఇంటికే మోసుకొస్తాండావే, ఇల్లు కట్టేదుండాదా ఏమి?" అనేది. నాకు ఆ రోజులంటే ప్రాణం. ఇప్పుడు తలుచుకున్నా కాళ్ళు ఊరికే ఉండవు.

పరుగు అయ్యాక సార్ మమ్మల్ని ఇసుకలోనే కూర్చోబెట్టి తన సంగతులు చెప్పేవాడు. అక్కడ ప్రతివాడికీ ఒక జోడీ ఉంటాడట. తిండి కలిసి, నడక కలిసి, గస్తీ కలిసి. "ఒకడు పండుకుంటే ఒకడు మేలుకోవాల. నువ్వు మేలుకున్నావనే నమ్మకంతోనే వాడు కండ్లు మూస్తాడు. అంతకు మించి ఏం లేదురా ఆడ" అన్నాడు ఒకరోజు. నా తోడుగాడు వెంటనే నా డొక్కలో మోచేత్తో పొడిచాడు. "మనిద్దర్నీ ఒకే తావ ఏస్తే శానా బాగుంటాది. నువ్వుంటే నాకు నిద్ర పడ్తాది గదప్పా." అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అరచేతుల్లో తాడు జారినట్టయింది. ఆ మాట నా లోపల అప్పుడే దిగబడిపోయింది, కడప పోయేదాకా అక్కడే ఉంది.

సైన్యం వాళ్ళది ముందు కంప్యూటర్ పరీక్ష, అందులో ఇద్దరం గట్టెక్కాం. తర్వాత కడపలో ర్యాలీ అని కబురు వచ్చింది. సార్ అందరికీ ఏం తినాలో, ఏం తినకూడదో, ఎలా నిలబడాలో చెప్పి, చివరికి మెడికల్ దగ్గరికి వచ్చాడు. "వాతలు చూసి ఇవేందని అడుగుతారు. చిన్నప్పుడు కడుపునొప్పి అని చెప్పండి. ఇంకేమన్నా ఉండెనా అంటే లేదు సార్ అనండి. ఎక్కువ మాట్లాడితే ఎక్కువ అడుగుతారు." ఆయన నా వైపు ప్రత్యేకంగా చూడలేదు. ఆయనకేం తెలుసు పాపం. ఆయన చెప్పింది కడుపునొప్పి వాళ్ళకు.

బయల్దేరే పొద్దున నాయన నన్ను దొడ్లోకి పిలిచాడు. ఎనుముకు గడ్డి వేస్తూ, నా మొహం చూడకుండా అన్నాడు. "అడిగితే ఏం లేదని చెప్పు. ఇప్పుడు లేదు గదా. లేనిదాన్ని లేదంటే అబద్ధమెట్లయితాది?" నేను తలూపాను. దీవించడానికి ఎడంచెయ్యి నా నెత్తి మీద పెట్టాడు. కుడిచెయ్యి గడ్డిమోపు దగ్గరే ఉండిపోయింది. అమ్మ అయితే ఏమీ అనలేదు. పేరే ఎత్తని మనిషి, దాన్ని దాచమని మాత్రం ఎలా చెబుతుంది? నా నుదుట విభూతి పెట్టి, చద్దన్నం కట్టిచ్చి, బస్సు కదిలేదాకా నిలబడింది.

కర్నూలు పోయి, నంద్యాల మీదుగా కడప చేరాం. స్టేడియం బయట రోడ్డు పక్కన వందల మంది పిల్లలు సంచులు తలకింద పెట్టుకుని పండుకుని ఉన్నారు. రాయచోటి వాళ్ళు, అనంతపురం వాళ్ళు, ఎక్కడెక్కడి వాళ్ళో. మా వంతు వచ్చి పరుగుకు వదిలినప్పుడు, నిజం చెబుతున్నాను, నాకు కాళ్ళు నేలకు ఆనలేదు. ఇసుక లేని నేల ఇంత సుఖంగా ఉంటుందా అనిపించింది. గుంపును దాటుకుంటూ పోయాను. నా వెనకే వాడి ఊపిరి వినిపిస్తోంది. ఇద్దరం మొదటి గుంపులోనే గీత దాటాం. గొయ్యి దూకాం, కడ్డీ పట్టుకుని లేచాం, ఛాతీ కొలిచారు, ఎత్తు కొలిచారు. ఒక హవల్దారు నా వీపు మీద చరిచి "షాబాష్" అన్నాడు. ఆ ఒక్క మాట నేను ఇప్పటికీ అప్పుడప్పుడు తీసి చూసుకుంటూ ఉంటాను. నాకు దక్కిన మెడల్ అదే.

ఇక మెడికల్. చెడ్డీలతో వరుసలో నిలబెట్టారు. నా ముందు నా తోడుగాడు. డాక్టరు నడివయసు మనిషి, ఉత్తరాది ఆయన, ఓపికగానే ఉన్నాడు. వాడి కడుపు మీది వాత వేలితో చూపించి "యే క్యా హై?" అన్నాడు. "పేట్ దర్ద్ సార్, బచ్‌పన్ మే" అన్నాడు వాడు, సార్ నేర్పినట్టే. వాడిది నిజంగానే కడుపునొప్పి. డాక్టరు తలూపి, పళ్ళు చూసి, చెవులు చూసి పంపించేశాడు. పోతూ పోతూ వాడు నాకు కన్ను కొట్టాడు.

నా వంతు. అదే వేలు, అదే ప్రశ్న. "పేట్ దర్ద్" అన్న రెండు మాటలు నా నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. అన్నానా, అయిపోయినట్టే. నా కడుపుకూ వాడి కడుపుకూ తేడా ఏ యంత్రానికీ తెలిసేది కాదు. నేను నోరు తెరిచేలోపు ఆయనే, ఇంకా వందసార్లు అడగాల్సిన ప్రశ్నలా, మొహం కూడా ఎత్తకుండా అడిగాడు. "కభీ దౌరా పడా? బేహోష్ హువా?" కర్నూలులో చదువుకున్న వాడికి ఆ ఉర్దూ మాట అర్థం కాకపోవడం ఉండదు. మూర్ఛ ఎప్పుడైనా వచ్చిందా, స్పృహ తప్పిందా అని.

బావిలోంచి నాయన గొంతు వినిపించింది అని రాస్తే కథలా ఉంటుంది. అదేం వినిపించలేదు. పక్క గదిలో వాడు ఎవరితోనో నవ్వుతున్న నవ్వు వినిపించింది. ఎక్కడో కొండ మీద, నా పక్కన, నేను మేలుకున్నానన్న ధీమాతో వాడు కళ్ళు మూసుకోవడం కనిపించింది. నాకు మళ్ళీ వస్తుందని కాదు. రాదనే నా నమ్మకం. కానీ వచ్చినప్పుడు నేను అక్కడ ఉండను కదా. తాడు ఎప్పుడు వదిలానో నాకే తెలియదు కదా.

"జీ సార్" అన్నాను. "బచ్‌పన్ మే. దౌరా."

డాక్టరు తల ఎత్తాడు. ఎన్నేళ్ళ వయసులో, ఎన్నిసార్లు, జ్వరంతోనా జ్వరం లేకుండానా, మందులు ఎంతకాలం అని అడిగాడు. అన్నీ చెప్పాను. రాస్తూ రాస్తూ ఆగి, "నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు. ఎందుకు చెప్పావు?" అన్నాడు హిందీలో. నాకు ప్రశ్న అర్థమయ్యేంత హిందీ వచ్చు, జవాబు చెప్పేంత రాదు. "దోస్త్ సోయేగా సార్... మై జాగ్నా..." అని గొణిగాను. దోస్తు పండుకుంటాడు, నేను మేలుకోవాల అని చెప్పబోయాను. ఆయనకు ఏం అర్థమయిందో దేవుడికెరుక. పైన అప్పీలు చేసుకునే వీలుందనీ, కానీ ఈ విషయంలో ఫలితం మారుతుందని ఆశ పెట్టుకోవద్దనీ నెమ్మదిగా చెప్పాడు. పోయేముందు నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ మర్యాద నాకెందుకు? నాకు కావలసింది మర్యాద కాదు. బయటికి వచ్చి, గోడ పక్కన కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

వాడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. చెబితే నమ్మలేదు. నమ్మినాక కాలర్ పట్టుకున్నాడు. "ముందే నాకన్నా చెప్పింటే యామయితాండె?"

"చెప్పింటే నువ్వేం చేస్తాంటివి?"

"చెప్పొద్దురా సామీ అని నీ కాళ్ళు పట్టుకుంటాంటి!"

"అందుకే చెప్పలే."

"యెర్రినాయాలా" అని తిట్టి, నా పక్కనే కూలబడి వాడూ ఏడ్చాడు. ఎంపికైన వాడు ఏడుస్తుంటే పోయేవాళ్ళంతా వింతగా చూశారు. ఎందుకు చెప్పావని వాడూ అడిగాడు. తెలుగు నాకు బాగానే వచ్చు, అయినా వాడికీ జవాబు చెప్పలేకపోయాను. నీ కోసమే అంటే వాడు ఆ ఉద్యోగానికి పోయేవాడు కాదు. ఆ గాడిదకు అంత ప్రేమ.

ఇంటికి వచ్చాక అమ్మ అడిగింది ఒకే ప్రశ్న. "నోటితో చెప్పినావా? పేరు పెట్టి చెప్పినావా?" చెప్పానన్నాను. ఉద్యోగం పోయినందుకు కాదు, పేరు ఎత్తినందుకు నెత్తి కొట్టుకుంది. ఆ వారమంతా నేను ఎటు పోతే అటు వెనకే వచ్చింది. బావి వైపు పోనివ్వలేదు, పొయ్యి దగ్గర కూర్చోనివ్వలేదు. స్నానానికి పోయినా తలుపు గడియ పెట్టుకోనిచ్చేది కాదు. నాకు ఒళ్ళు మండిపోయేది. "ఏందిమ్మా ఇది, నేనేమన్నా పసిబిడ్డనా?" అని అరిచేవాణ్ణి. "బిడ్డవి కాకపోతే అంత తెలివితక్కువగా చెప్పి వస్తావా?" అని తిరిగి అరిచేది.

నాయన మాత్రం ఒకనాడు సద్ది తింటూ, ముద్ద కంచంలో పెట్టి, మెల్లగా అడిగాడు. "నా చెయ్యి గుర్తొచ్చెనా?"

"లే నాయనా. అది కాదు" అన్నాను.

డాక్టరు దగ్గర నిజం చెప్పి వచ్చినవాణ్ణి, నాయన దగ్గర అబద్ధమాడాను. ఆయన నమ్మినట్టే తలూపి ఎడంచేత్తో మళ్ళీ ముద్ద కలుపుకున్నాడు.

ఊళ్ళో ఏం చెప్పాలన్నది ఇంకో తంటా. చెవిలో ఏదో చీము ఉందని తీసేశారని అమ్మే పుకారు పుట్టించింది. దాంతో ఊళ్ళోవాళ్ళు నాతో గట్టిగా అరిచి మాట్లాడడం మొదలుపెట్టారు. ఇప్పుడు పనిచేసే ఎరువుల అంగడిలో కూడా కొందరు రైతులు కౌంటరు మీదికి వంగి "యూరియా వచ్చిందాప్పా!" అని నా చెవిలో కేకేస్తారు. వచ్చిందని నేనూ కేకేస్తాను.

అది మళ్ళీ రాలేదు. పేరెత్తినందుకు రాలేదు, ఎండలో బస్తాలు మోసినందుకు రాలేదు, జ్వరాలొచ్చినా రాలేదు. అమ్మకు అది దేవుడి దయ. నేను మాత్రం గడిచిన ప్రతి ఏడూ లెక్కపెట్టుకుంటాను. రాదు అని తెలిసివుంటే? అనుకోకుండా ఉండలేను. ఇన్నేళ్ళూ నేను అక్కడ ఉండేవాణ్ణి కదా, ఏమీ అయ్యేది కాదు కదా. చెప్పింది తప్పని అనుకోను. మళ్ళీ అడిగినా అదే చెబుతాను. అయినా ఆ బతుకు నాకు కావాలి. ఇప్పటికీ కావాలి. ఈ రెండూ ఒక మనిషిలో ఎలా ఇముడుతాయో నాకు తెలియదు, ఇమడకుండానే ఉన్నాయి.

వాడు సైన్యంలో కుదురుకున్నాడు. అగ్నివీర్ కదా, నాలుగేళ్ళయినాక ఇంటికి పంపిస్తారేమోనన్న భయం కూడా తీరింది, వాణ్ణి ఉంచుకున్నారు. ఒకరోజు అంగడిలో ఉండగా వీడియో కాల్ చేశాడు. "చూడప్పా, నీ మంచు!" అని ఫోను తిప్పి చూపించాడు. తెరంతా తెలుపు. నేను డీఏపీ బస్తాల మధ్య నిలబడి, ఫోను కళ్ళకు ఆనించుకుని చూశాను. వాడు గుప్పెట్లో మంచు తీసుకుని కెమెరా మీదికి విసిరాడు, నేను వెనక్కి జరిగాను. "తగిలిందా?" అని నవ్వాడు. తగిలిందన్నాను. ఇంటికి పోయాక కూడా ఆ తెలుపు నా కళ్ళలోంచి పోలేదు.

నాకు పెళ్ళి మాటలు మొదలయ్యాయి. కోయిలకుంట్ల నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి నెమ్మదైన మనిషి, కాఫీ తాగి గ్లాసు పక్కన పెట్టి, "మిలిటరీకి పోయి ఎనిక్కొచ్చినాడంట గదా పిల్లోడు, ఏమయిండె?" అని అడిగాడు. నాయన చెవి సంగతి ఎత్తుకోబోయాడు. వాకిలి దగ్గర నిలబడ్డ అమ్మ లోపలికి వచ్చింది.

"చెవి కాదన్నా. నా కొడుక్కి చిన్నప్పుడు మూర్ఛ ఉండె. ఇప్పుడు లేదు. మీ బిడ్డను ఇచ్చేటోల్లు, మీకు తెలియాల."

నేను పుట్టినాక ఆ మాట అమ్మ నోట వినడం అదే మొదలు. చెప్పి, ఎవరో కొడతారేమో అన్నట్టు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పిల్ల తండ్రి మర్యాదగా లేచి, కబురు చేస్తామని పోయాడు. కబురు రాలేదు. నేను ఏమన్నా అంటానేమోనని అమ్మ ముందే అందుకుంది. "చూస్తాండావు ఏమి? నీ బుద్ధే నాకూ అంటుకున్యాది" అని తిట్టి, అటు తిరిగి పప్పు ఏరుకుంటూ కూర్చుంది. ఆ రోజు నాకు ఆమె మీద వచ్చినంత ప్రేమ ఎప్పుడూ రాలేదు.

మొన్న ఎండాకాలం వాడు సెలవుకు వచ్చాడు. కర్నూలు స్టేషన్‌కు నేనే పోయాను. నల్ల ట్రంకుపెట్టెలు ఇప్పుడు లేవు, వీపున పెద్ద సంచి. మనిషి నల్లబడ్డాడు, చెంపలు లోపలికి పోయాయి, కళ్ళకింద గుంటలు. మధ్యాహ్నం బస్సులో పక్కపక్కన కూర్చున్నాం, వాడు కిటికీ వైపు. ఊళ్ళో సంగతులన్నీ అడిగాడు. హంద్రిలో ఇసుక ఉందా, ఎవరన్నా పరుగెత్తుతున్నారా, అమ్మ ఇంకా చీపురెత్తుతుందా అని.

"ఆడ ఎట్లుండాది?" అన్నాను.

"అంతా బాగనే ఉండాది. నిద్రే పడదు. జోడీ మంచోడేప్పా, పంజాబోడు, ప్రాణమిస్తాడు. అయినా కండ్లు మూతపడవు." కాసేపు బయట ఎండిన చేలవైపు చూసి, మళ్ళీ అడిగాడు. "ఇప్పుడన్నా చెప్పు. ఆ పొద్దు డాక్టరుకు ఎందుకు చెప్పినావు?"

ఇక దాచి ఏం లాభం అనుకున్నాను. బావి సంగతి నుంచి మొదలుపెట్టాను. తాడు, పైపు, నాయన భుజం. చెబుతూ చెబుతూ, సార్ ఇసుకలో కూర్చోబెట్టి చెప్పిన జోడీ మాట దగ్గరికి వచ్చేసరికి నా భుజం బరువెక్కింది. తిరిగి చూస్తే వాడి తల నా మీద ఉంది. నోరు కాస్త తెరుచుకుని, మా మిద్దె మీద పండుకున్నట్టే, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతున్నాడు. ఎక్కడిదాకా విన్నాడో తెలియదు.

మాట ఆపేశాను. ఎండ వాడి మొహం మీద పడకుండా తువ్వాలు కిటికీకి అడ్డం పెట్టి పట్టుకున్నాను. ముందు సీట్లో ఎవరో ఫోనులో పాట పెడితే "అన్నా, కొంచెం తగ్గించు, మిలిటరీ నుంచి వస్తాండాడు" అన్నాను, వాళ్ళు ఆపేశారు. చెయ్యి తిమ్మిరెక్కింది, కదల్చలేదు. అంగడిలో రాత్రంతా బస్తాలు దింపి వచ్చిన ఒళ్ళు నాది, నాకూ రెప్పలు వాలుతున్నాయి. వాల్చలేదు.

కోడుమూరు వచ్చింది. జనం దిగుతున్నారు. కండక్టరు మా దగ్గరికి వచ్చి "మీది ఇదే గదాప్పా, దిగండి" అన్నాడు. నేను నోటికి వేలు అడ్డం పెట్టి, ముందొచ్చే ఎమ్మిగనూరుకు ఇంకో రెండు టికెట్లు కొట్టమని సైగ చేశాను. ఆయన వాడి వైపు చూసి, నా వైపు చూసి, ఏమీ అడగకుండా టికెట్లు కొట్టిచ్చాడు. బస్సు మా ఊరు దాటిపోయింది. వాడు లేచేదాకా నేను మేలుకునే ఉన్నాను.